చట్టం ఎవరిది? ఖర్చు ఎవరిది?



సావనీరుకు వ్యాసం రాస్తానంటే మిత్రులు నిరుద్యోగం మీద రాయమన్నారు, వరకట్నం మీద రాయమన్నారు. అవి రాయవలసినవే, కాదనను. కాని ఈసారి కాస్త దూరం పోయి, అమెరికాలో మిస్సోరీ అనే రాష్ట్రం చేసిన ఒక తుపాకుల చట్టం గురించి, అందులోనూ దాని ఖర్చు గురించి రాయదలిచాను. "బి.యస్సీ. చదివేవాడివి, రైతు బిడ్డవి, నీకెందుకయ్యా మిస్సోరీ తుపాకుల గొడవ?" అని మీరు అడగవచ్చు. అడగండి, తప్పు లేదు. నాకు రెండు కారణాలున్నాయి.

మొదటిది, మన క్లాసుల్లో పాస్‌పోర్టు లేనివాడి కంటే ఉన్నవాడే ఎక్కువగా కనబడుతున్నాడు. అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి మన అన్నలూ అక్కలూ ఆ దేశానికి పోతున్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరు, 2018 జులైలో మిస్సోరీ రాష్ట్రం కాన్సాస్ సిటీలో ఒక తెలుగు విద్యార్థి తుపాకి గుండ్లకు బలి అయ్యారు. అక్కడి తుపాకి చట్టాలు అక్కడివాళ్ళ సొంత వ్యవహారం అనుకునే రోజులు మన ఊళ్ళకు కూడా పోయాయి.

రెండవ కారణం అసలైనది. ఇది తుపాకుల కథ లాగా కనిపించే డబ్బు కథ. చట్టం చేసి చప్పట్లు కొట్టించుకునేవాడు ఒకడు, దానికి డబ్బు కట్టేవాడు ఇంకొకడు అయితే ఏమవుతుంది? సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఏనాడో చెప్పారు. రైతు ఇంట పుట్టినవాడికి ఈ ప్రశ్న వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు.

ముందుగా సంగతి

అమెరికాలో తుపాకులకు సంబంధించి కేంద్రం చేసిన పెద్ద చట్టాలు మూడున్నాయి. 1934 నాటి చట్టం మెషీన్ గన్నులు, సైలెన్సర్లు వంటివాటి మీద 200 డాలర్ల పన్ను వేసి, వాటిని రిజిస్టరు చేయించమంది. 1968 నాటి చట్టం తుపాకులు అమ్మేవారికి లైసెన్సు ఉండాలనీ, నేరస్తుల వంటివారు తుపాకి ఉంచుకోరాదనీ అంది. 1993లో వచ్చిన బ్రాడీ చట్టం కొనేవాడి పూర్వాపరాలు విచారించిన తర్వాతే తుపాకి అమ్మాలంది. ఇవన్నీ అమలు చెయ్యడానికి ఏ.టి.ఎఫ్. అనే కేంద్ర సంస్థ ఉంది. దాని సిబ్బంది అంతా కలిపి సుమారు 5 వేల మంది. అంత పెద్ద దేశానికి ఆ 5 వేల మంది ఏ మూలకు? అందుకని ఊళ్ళ పోలీసులూ, కౌంటీ షరీఫులూ, రాష్ట్ర పోలీసులూ చెయ్యి వేస్తేనే ఆ చట్టాలు నడుస్తాయి. ఆ దేశంలో పోలీసు శాఖలు సుమారు 18 వేలు. వాటిలో చాలా భాగం మన పంచాయతీ, మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థల చేతుల్లో, ఆ ఊరి పన్నులతో నడిచేవే. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

2021 జూన్ 12న మిస్సోరీ గవర్నరు మైక్ పార్సన్ ఒక బిల్లు మీద సంతకం పెట్టాడు. ఎక్కడ పెట్టాడనుకున్నారు? ఆఫీసులో కాదు, ఒక తుపాకుల దుకాణంలో! ఆ చట్టం పేరు రెండవ సవరణ పరిరక్షణ చట్టం. (అమెరికా రాజ్యాంగానికి రెండవ సవరణ ఆయుధాలు ఉంచుకునే హక్కు ఇస్తుంది.) చట్టం చెప్పింది క్లుప్తంగా ఇది: తుపాకుల మీద ప్రత్యేకంగా వేసే కొన్ని పన్నులు, రిజిస్ట్రేషన్లు, చట్టానికి కట్టుబడే పౌరుడి దగ్గర్నుంచి తుపాకి లాక్కునే ఉత్తర్వులు మొదలైన కేంద్ర నిబంధనలు మా రాష్ట్రంలో చెల్లవు, మా పోలీసులెవ్వరూ వాటిని అమలు చెయ్యకూడదు, చేస్తే ఆ పోలీసు శాఖకు ఒక్కొక్క తప్పుకు 50,000 డాలర్ల జరిమానా. అంతే కాదు, అలాంటి కేంద్ర చట్టాలను అమలు చేసిన పాత కేంద్ర ఉద్యోగిని తెలిసి ఉద్యోగంలోకి తీసుకున్నా 50,000 డాలర్లే. ప్రభుత్వ శాఖను కోర్టుకు లాగకూడదనే పాత రక్షణ కూడా ఇక్కడ పనికిరాదంది.

ఇలాంటి చట్టం కోసం ఆ రాష్ట్రంలో అంతకు ముందూ ప్రయత్నం జరిగింది. 2013లో శాసనసభ బిల్లు పాసు చేస్తే అప్పటి గవర్నరు జే నిక్సన్ వీటో చేశాడు. ఆ వీటోను తోసివెయ్యడానికి సెనేటులో ఒకే ఒక్క ఓటు తక్కువైంది. ఎనిమిదేళ్ళకు పంతం నెగ్గింది.

రాష్ట్రానికి ఆ హక్కు ఉందా?

ఇక్కడ ఆవేశపడకుండా న్యాయం మాట్లాడుకోవాలి. "కేంద్రం చట్టం చేస్తే రాష్ట్రం అమలు చెయ్యకపోవడమేమిటి, విడ్డూరం కాకపోతే!" అని మనకు అనిపిస్తుంది. ఎందుకంటే మన రాజ్యాంగం 256వ అధికరణం పార్లమెంటు చట్టాలకు అనుగుణంగానే రాష్ట్రాలు నడుచుకోవాలని స్పష్టంగా చెప్పింది. అమెరికాలో అలా కాదు. కేంద్ర చట్టం రాష్ట్ర చట్టం కంటే పైది అనే మాట వాళ్ళ రాజ్యాంగం ఆరవ అధికరణంలో ఉంది. కాని కేంద్రం తన పనిని రాష్ట్ర ఉద్యోగుల చేత బలవంతంగా చేయించుకోవడానికి మాత్రం వీల్లేదు.

ఈ సూత్రం తుపాకుల కేసులోనే తేలడం విశేషం. బ్రాడీ చట్టం మొదట్లో, కొనుగోలుదారుల విచారణ ఊళ్ళ పోలీసు అధికారులే చెయ్యాలంది. మోంటానాలో జే ప్రింట్జ్, ఆరిజోనాలో రిచర్డ్ మాక్ అనే ఇద్దరు షరీఫులు కోర్టుకెక్కారు. 1997లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో షరీఫుల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ స్కలియా చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను బాగా ఆలోచింపజేసింది. కేంద్ర కార్యక్రమం తాలూకు ఖర్చును రాష్ట్రాల నెత్తిన రుద్దితే, కాంగ్రెసు సభ్యులు తమ ఓటర్ల మీద ఒక్క పైసా పన్ను వెయ్యకుండానే సమస్య తీర్చామని పేరు కొట్టేస్తారు, రాష్ట్రాలేమో డబ్బూ పెట్టుకుని నిందా మొయ్యాలి అన్నాడాయన. ఎంత నిజం! చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఖర్చు దగ్గరికొచ్చేసరికి చెప్పేవాడికి చేసేవాడు లోకువ.

ఈ సూత్రం మంచికి కూడా ఉపయోగపడిందని చరిత్ర చెబుతుంది. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలని ఆ దేశంలో ఒకప్పుడు కేంద్ర చట్టం ఉండేది. 1842లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, దాని అమలుకు రాష్ట్ర అధికారులు తోడ్పడి తీరాలని లేదంది. మరుసటి ఏడే మసాచుసెట్స్ రాష్ట్రం తన జైళ్ళనూ తన ఉద్యోగులనూ ఆ పాడు పనికి వాడకూడదని చట్టం చేసింది. కనుక "మా చెయ్యి ఇవ్వం" అనే హక్కును నేను తప్పు పట్టడం లేదు. ఆ హక్కు ఉండాలి. నా ప్రశ్నల్లా ఒకటే. చెయ్యి ఇవ్వకపోవడానికి అయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది?

నాలుగు జేబులు

మేము సైన్సు విద్యార్థులం. లెక్క వేసి చూడందే మాకు నిద్ర పట్టదు. మిస్సోరీ చట్టం తాలూకు ఖర్చు నాలుగు జేబుల్లోంచి పోతుందని నాకు తోస్తోంది.

మొదటి జేబు చిన్న ఊరిది. 50,000 డాలర్లంటే మన డబ్బులో 40 లక్షల రూపాయలకు పైనే. ఊహకు ఒక ఊరు తీసుకోండి. అక్కడ పోలీసులు నలుగురు, ఒక జీపు, ఏడాదికి వారి శాఖకు 4 లక్షల డాలర్లు అనుకుందాం. ఒక్క కేసులో జరిమానా పడితే ఎనిమిదో వంతు బడ్జెట్ ఎగిరిపోయింది. రెండు పడితే పావు వంతు. ఇంక జీతాలు కోస్తారా, జీపు అమ్ముతారా? పైగా వకీళ్ళ ఫీజు వేరే. ఆ డబ్బు చట్టం చేసిన శాసనసభ ఇవ్వదు. ఆ ఊరి జనం కట్టిన ఇంటి పన్నులోంచి, కొట్ల మీది పన్నులోంచి పోవలసిందే. రాష్ట్రానికి కోపం ఎవరి మీద? వాషింగ్టన్ మీద. జరిమానా ఎవరికి? తన సొంత ఊళ్ళకు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే గదా! ఈ భయం వట్టి మాట కాదు. చట్టం వచ్చిన నెలలోనే ఓఫాలన్ అనే ఊరి పోలీసు చీఫ్, ఈ చట్టం రాసిన తీరు నిజాయితీగా పనిచేసే పోలీసులను కూడా కోర్టుల పాలు చేస్తుందని చెప్పి రాజీనామా ఇచ్చాడు.

రెండవ జేబు పోలీసు శాఖకు వచ్చే రాబడిది. ఊరి పోలీసులు కేంద్ర సంస్థలతో కలిసి జట్లుగా పనిచేస్తారు. ఆ జట్లలో పనిచేసినందుకు ఓవర్‌టైం డబ్బు కేంద్రం ఇస్తుంది. కలిసి పట్టుకున్న నేరస్తుల సొమ్ము జప్తు చేస్తే అందులో 80 శాతం దాకా స్థానిక పోలీసులకు వాటా ముట్టవచ్చు. మిస్సోరీలో ఒక తమాషా ఉంది. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర చట్టం కింద జప్తు చేసిన సొమ్ము బడులకు పోవాలి, పోలీసులకు కాదు. అందుచేత కేంద్రంతో కలిసి పనిచేస్తేనే వాళ్ళకు వాటా. జప్తుల సొమ్ముతో పోలీసు శాఖలు బతకడం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నా మట్టుకు అది బడులకు పోవడమే మేలు. కాని ఒక అలవాటు అయిన రాబడిని చట్టంతో తెంపేటప్పుడు, దాని బదులు ఏమిస్తారో కూడా చెప్పాలా వద్దా? ఏ.టి.ఎఫ్. జట్లలో పనిచేసే 53 మంది రాష్ట్ర, స్థానిక అధికారుల్లో 12 మంది ఈ చట్టం తర్వాత తప్పుకున్నారని కేంద్రం కోర్టులో చెప్పింది. ఆ 12 మంది చేసే పనిని ఇంకెవరో చెయ్యాలి, లేకపోతే అది ఆగిపోవాలి. రెండూ ఖర్చే.

మూడవ జేబు కోర్టు ఖర్చులది. చట్టం వచ్చీ రాగానే సెయింట్ లూయిస్ నగరం, సెయింట్ లూయిస్ కౌంటీ, జాక్సన్ కౌంటీ కలిసి తమ సొంత రాష్ట్రం మీద దావా వేశాయి. 2022 ఫిబ్రవరిలో కేంద్ర న్యాయశాఖ ఇంకో దావా వేసింది. చూడండి తమాషా. నగరం వకీలు జీతం పన్నుల్లోంచి, రాష్ట్రం వకీలు జీతం పన్నుల్లోంచి, కేంద్రం వకీలు జీతమూ పన్నుల్లోంచే. ముగ్గురికీ డబ్బు కట్టేది ఒకడే, ఆ మిస్సోరీ పౌరుడు. మా ఊళ్ళో అన్నదమ్ములు గట్టు తగాదాకు కోర్టుకెక్కి, ఆ గట్టు ఖరీదుకు పదింతలు వకీళ్ళకు పోసిన కథలు ఊరూరా ఉన్నాయి. కాని అన్నదమ్ములు కనీసం ఎవరి డబ్బు వాళ్ళు పోసుకున్నారు.

నాలుగవ జేబు గ్రాంట్లది. అమెరికా రాష్ట్రాల రాబడిలో సుమారు మూడో వంతు కేంద్రం నుంచి వస్తుంది. కేంద్రం అప్పు చేసుకోవచ్చు గాని, వెర్మాంట్ తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఏదో ఒక రూపంలో ఆదాయ వ్యయాలు సరితూగేలా బడ్జెట్ పెట్టుకోవలసిందే. కనుక కేంద్రంతో కయ్యం పెట్టుకునే ప్రతి రాష్ట్రానికీ గ్రాంటు పోతుందేమోననే బెంగ ఉంటుంది. 1987లో సుప్రీంకోర్టు, మద్యం తాగే వయసు 21 చెయ్యని రాష్ట్రానికి రోడ్ల గ్రాంటులో 5 శాతం తగ్గించడం సబబే అంది. 2012లో అదే కోర్టు, ఆరోగ్య పథకం విషయంలో, రాష్ట్రం మెడ మీద కత్తి పెట్టినంత పని చెయ్యకూడదంది. అంటే కొంచెం నొక్కవచ్చు, పీక నొక్కకూడదన్నమాట!

ఇక్కడే ఒక ముచ్చట. ఆ దేశంలో పిస్తోళ్ళ మీద 10 శాతం, పొడుగు తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం కేంద్ర పన్ను ఉంది. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. నూరు రూపాయల పనికి డెబ్బై అయిదు దాకా కేంద్రం ఇస్తుంది. జింకలు, అడవి బాతులు, వేటగాళ్ళ మైదానాలు అన్నీ ఆ తుపాకి పన్ను మీదే పెరిగాయి. తుపాకుల మీద ప్రత్యేకంగా వేసి, జనం కొనడానికి జంకేలా చేసే పన్ను దురాక్రమణే అని ఒక చట్టంలో రాసుకున్న రాష్ట్రానికి, తుపాకుల మీద ప్రత్యేకంగా వేసిన పన్నులోంచే వన్యప్రాణి డబ్బు అందుతోంది. ఈ పన్ను ఆ నిర్వచనంలోకి వస్తుందో రాదో వకీళ్ళు వాదించుకోనీండి. కాని చేత్తో కాదని నోటితో తినడం ఎంత సులువో దీన్నిబట్టి తెలుస్తోంది.

మిగతా రాష్ట్రాలు

మిస్సోరీ ఒక్కటే కాదు. అదే 2021లో టెక్సాస్ చేసిన చట్టం ఇంకో మార్గం పట్టింది. రాష్ట్రం వద్దన్న కేంద్ర తుపాకి నిబంధనలు అమలు చేసే స్థానిక సంస్థకు రాష్ట్ర గ్రాంటు ఇవ్వమంది. 2022లో వయోమింగ్ చట్టం శాఖను వదిలి మనిషిని పట్టుకుంది. తెలిసి అమలు చేసిన అధికారికి 2,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. మూడు రాష్ట్రాలు, మూడు పద్ధతులు. ఒకటి ఊరిని కొట్టింది, ఒకటి ఊరికిచ్చే డబ్బు ఆపుతానంది, ఒకటి ఉద్యోగిని బెదిరించింది. మూడింటిలోనూ సామాన్యంగా ఉన్న గుణం ఏమిటంటే, చట్టం చేసిన పెద్దమనుషుల మీద ఈగ కూడా వాలదు.

కోర్టు ఏమన్నది?

2023 మార్చి 7న ఫెడరల్ జడ్జి బ్రయాన్ వైమ్స్ మిస్సోరీ చట్టాన్ని కొట్టేశాడు. ఆ తీర్పును ఆపమని రాష్ట్రం సుప్రీంకోర్టుకు పోతే 2023 అక్టోబరులో అక్కడ కాదన్నారు. 2024 ఆగస్టులో ఎనిమిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు కింది తీర్పునే ఖాయం చేసింది. అప్పీలు కోర్టు చెప్పిన మాట సారాంశం ఇది: మిస్సోరీ తన సాయం నిరాకరించుకోవచ్చు, అది దాని ఇష్టం, కాని కేంద్ర చట్టం చెల్లదని తానే ప్రకటించి ఆ ప్రకటన మీద ఇల్లు కట్టడం కుదరదు.

ఆ తేడా చిన్నదిగా కనబడుతుంది గాని చిన్నది కాదు. పక్కవాడి పొలానికి నీరు పెట్టడానికి నేను పోనంటే అది నా ఇష్టం. ఆ పొలమే వాడిది కాదనడానికి నేనెవణ్ణి?

మరి సంతకానికీ కొట్టివేతకూ మధ్య గడిచిన ఇరవై ఒక్క నెలల మాటేమిటి? ఆ కాలంలో తప్పుకున్న అధికారులు, ఆగిన విచారణలు, వకీళ్ళకు పోసిన డబ్బు ఎవరు తిరిగిస్తారు? కోర్టు చట్టాన్ని కొట్టేస్తుంది గాని ఖర్చును కొట్టెయ్యలేదు.

ఒకే తక్కెడ కావాలి

ఇంతవరకూ చదివి కొందరు మిత్రులు, "ఓహో, వీడు తుపాకులకు వ్యతిరేకి, అందుకే ఇలా రాస్తున్నాడు" అనుకోవచ్చు. పొరపాటు. పల్లెలో పెరిగినవాణ్ణి, తుపాకి అవసరం ఒక్కొక్కప్పుడు ఎందుకొస్తుందో నాకు తెలుసు. అడవిపందుల గుంపు ఒక్క రాత్రి వేరుశనగ చేలో పడితే ఆరు నెలల కష్టం తెల్లారేసరికి మట్టి. మన 1959 నాటి ఆయుధాల చట్టం కూడా పంట కాపలాకు మందు కూరి కాల్చే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునంటుంది. ఎన్నికలొస్తే ఆ తుపాకి పోలీసు స్టేషన్లో అప్పగించి రావాలి. మన రైతు అది పెద్ద అవమానంగా తలచడు. మిస్సోరీ రైతు తలుస్తాడు. వాడి చరిత్ర వేరు, వాడి రాజ్యాంగం వేరు. వాడి మనసును నేను వెక్కిరించను.

నేను కోరేది ఒకే తక్కెడ. ఎందుకంటే ఇదే ఆట అవతలి పక్షమూ ఆడుతుంది. వలస వచ్చినవారిని పట్టివ్వడానికి మా పోలీసులు సాయం చెయ్యరు అని శాన్ ఫ్రాన్సిస్కో, షికాగో వంటి నగరాలు నిబంధనలు పెట్టుకున్నాయి. 2017 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ అలాంటి నగరాలకు గ్రాంట్లు ఆపమని ఉత్తర్వు వేశాడు. 2018లో తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు, కాంగ్రెసు ఒప్పుకోకుండా అధ్యక్షుడు తనంతట తాను అలా ఆపలేడంది. తమాషా ఏమిటంటే ఆ నగరాలను కాపాడిన వాదనల్లో తుపాకి షరీఫుల 1997 తీర్పు ముఖ్యమైనది! తుపాకులవారు తవ్విన బావి నీళ్ళు వలసలవారు తాగారు. కనుక ఒక పక్షం చేస్తే స్వేచ్ఛ, ఇంకో పక్షం చేస్తే తిరుగుబాటు అనడం కుదరదు. ఆ నగరాలకు కూడా నా ప్రశ్న అదే. ఖర్చెంత, ఎవరిది, ముందుగా చెప్పారా?

మన సంగతి

మనకు ఈ వాసన లేదనుకోవద్దు. 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం ఆరవ సెక్షను ప్రకారం రాష్ట్రం సమ్మతి ఉంటేనే సి.బి.ఐ. ఆ రాష్ట్రంలో దర్యాప్తు చెయ్యగలదు. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సాధారణ సమ్మతిని వెనక్కు తీసుకుంది. 2019 జూన్‌లో ప్రభుత్వం మారగానే మళ్ళీ ఇచ్చారు. 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వమూ వెనక్కు తీసుకుంది. అక్కడ "మా చెయ్యి ఇవ్వం" అన్నారు, ఇక్కడ "మా గడప తొక్కొద్దు" అన్నారు. రెండు చోట్లా పత్రికల్లో పౌరుషం కనపడింది. ఆ దర్యాప్తులు రాష్ట్ర సంస్థలే చెయ్యవలసి వస్తే ఎంతమంది కావాలి, ఎంతవుతుంది అన్న చర్చ మాత్రం నాకెక్కడా వినపడలేదు.

పౌరుషం విషయం అలా ఉంచండి, మంచి పని చేసేటప్పుడు కూడా ఇదే జబ్బు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చారు. మా ఇంట్లో ఆ ఫలం అనుభవించాం, కాదంటే కళ్ళు పోతాయి. కాని ఉచితం అనే మాట రైతుకు మాత్రమే. కరెంటు తయారు చెయ్యడానికి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. ప్రకటించినవారు ఆ డబ్బు వేళకు కట్టకపోతే పంపిణీ చేసేవాడు అప్పులో పడతాడు. వాడు అప్పులో పడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు వారం రోజులు బాగుచేసేవాడు రాడు. చివరికి ఎండేది రైతు చేనే. అంటే కట్టని ఖర్చు ఎక్కడికీ పోదు. చుట్టు తిరిగి, అందరికంటే బలహీనుడి గుమ్మం ముందే వచ్చి కూర్చుంటుంది. మిస్సోరీలో ఆ బలహీనుడు నలుగురు పోలీసులున్న చిన్న ఊరు.

మరి ఏం చెయ్యాలి?

విమర్శించి ఊరుకోవడం తేలిక. నా బుద్ధికి తోచిన మూడు మాటలు చెబుతాను.

ఒకటి, ప్రతి బిల్లుకూ ఖర్చుల చీటీ నిజాయితీగా ఉండాలి. అమెరికాలో దాన్ని ఫిస్కల్ నోట్ అంటారు. మిస్సోరీలో అది తయారు చెయ్యడానికి శాసనసభకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. మన పార్లమెంటులోనూ ఖర్చుతో కూడిన బిల్లుకు ఆర్థిక వివరణ పత్రం జతచెయ్యాలనే నియమం ఉంది. కాని అలాంటి చీటీల్లో కష్టమైన చోట "తెలియదు" అనే మాట తరచు కనబడుతుంది. మా ప్రాక్టికల్ రికార్డులో రీడింగు దగ్గర "తెలియదు" అని రాస్తే లెక్చరరుగారు ఊరుకుంటారా? కచ్చితంగా తెలియకపోతే కనీసం ఇంత నుంచి ఇంత దాకా అని హద్దులు రాయాలి.

రెండు, పై ప్రభుత్వం కింది సంస్థ మీద కొత్త బరువు పెట్టినప్పుడు డబ్బు కూడా పంపాలి. 1997లో స్కలియా కేంద్రానికి చెప్పిన నీతి రాష్ట్రాలకూ వర్తించాలి. కేంద్రం తన ఖర్చు రాష్ట్రం నెత్తిన పెట్టడం అన్యాయమైతే, రాష్ట్రం తన పంతం తాలూకు ఖర్చు ఊళ్ళ నెత్తిన పెట్టడం న్యాయమెలా అవుతుంది? మిస్సోరీ శాసనసభకు తన మాట మీద అంత నమ్మకమే ఉంటే, ఊళ్ళు పోగొట్టుకునే ఓవర్‌టైం డబ్బు, జప్తుల వాటా, కోర్టు ఖర్చు తన ఖజానాలోంచి ఇస్తానని అదే బిల్లులో రాయవలసింది. అప్పుడు ఆ చట్టాన్ని ఒప్పుకోకపోయినా దాని నిజాయితీకి నమస్కారం పెట్టేవాణ్ణి.

మూడు, ప్రభుత్వం ప్రభుత్వానికి జరిమానా వేసే పద్ధతి పోవాలి. దొంగకు జరిమానా వేస్తే దొంగ జేబు ఖాళీ అవుతుంది. పోలీసు శాఖకు జరిమానా వేస్తే ఖాళీ అయ్యేది ఆ ఊరి బడి ముందు కాపలా కాసే కానిస్టేబులు జీతం. తప్పు చేసిన అధికారిని తొలగించడానికి, హెచ్చరించడానికి వేరే మార్గాలున్నాయి. కోర్టు ఉత్తర్వుతో పని ఆపించవచ్చు. జనం సొమ్ము జనానికే శిక్షగా వాడటం మాత్రం తెలివైన పని కాదు.

"ఇలా ప్రతి దానికీ లెక్కలడిగితే హక్కుల మాటేమిటి? హక్కులకు ఖరీదు కడతామా?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. మంచి ప్రశ్న. హక్కులకు ఖరీదు కట్టమని నేననడం లేదు. బానిసలను పట్టివ్వమని కాదన్న మసాచుసెట్స్‌ను ఎవరూ ఖర్చు లెక్క అడగనక్కర్లేదు. ఎంతైనా సరే అది చెయ్యవలసిన పనే. కాని నిజంగా విలువైన హక్కు అయితే దాని కోసం డబ్బు కట్టడానికి ముందుకు రావాలి గదా! తన జేబులోంచి పైసా తియ్యకుండా ఎదుటివాడి చేత త్యాగం చేయించే హక్కుల వీరుణ్ణి చూస్తే నాకు అనుమానం.

సోదర విద్యార్థులారా, మనలో కొందరు రేపు మిస్సోరీలోనో టెక్సాస్‌లోనో చదువుకుంటారు. కొందరు ఇక్కడే సర్పంచులో, గుమాస్తాలో, అదృష్టం బాగుంటే శాసనసభ్యులో అవుతారు. ఎక్కడున్నా ఒక అలవాటు చేసుకుందాం. ఎవరైనా వేదిక ఎక్కి, దుకాణంలోనైనా సరే అసెంబ్లీలోనైనా సరే, ఒక చట్టం మీద సంతకం పెట్టి చెయ్యి ఊపితే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: "అయ్యా, బాగుంది. డబ్బు కట్టేది ఎవరు?" జవాబు చెప్పగలిగితే అప్పుడు చప్పట్లు గట్టిగానే కొడదాం.